నర్సమ్మ ఏం చేసిందో విడమరిచి చెప్దాం

తిరువళ్ళూరులో కొలువున్న దేవుడి పేరే వైద్య వీరరాఘవస్వామి. అమావాస్య నాడు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. హృత్తాపనాశిని పుష్కరిణిలో బెల్లం వేస్తారు. బెల్లం కరిగినట్టు రోగం కరిగిపోవాలని మొక్కుకుంటారు. తిరుత్తణి కొండకు కావడి మోసుకెళ్ళేవాళ్ళలోనూ ఇలాంటి మొక్కులున్నవాళ్ళు ఎందరో. మేలు మరవకపోవడం మన వైపు పాత అలవాటే. దేవుడికి మొక్కు చెల్లిస్తాం. ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు పదిమందికీ చెప్తాం. రాత్రీ పగలూ మంచం పక్కన తిరిగిన నర్సమ్మ విషయంలో మాత్రం ఒక్క మాటతో సరిపెడతాం. ‘సిస్టర్లు బాగా చూసుకున్నారండీ’ అంటాం. ఆ మాట మంచిదే. కానీ చాలదు. ఎందుకు చాలదో, ఏం చెప్తే చాలుతుందో ఈ పూట ఆలోచిద్దాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నర్సు చేసిన మంచి పని ఏమిటో రోగి చెప్పాలి, రోగికి తోడున్నవాళ్ళు చెప్పాలి. ఏ పని చేసిందో విడమరిచి చెప్పాలి. వినాల్సినవాళ్ళ చెవిన పడేలా చెప్పాలి.

ముందు, మంచి నర్సు పని కంటికి ఎందుకు ఆనదో చూద్దాం. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ ఒక పెద్దాయన ఉన్నారనుకోండి. తనంతట తాను కదల్లేరు. అలాంటి మనిషిని రెండు మూడు గంటలకొకసారి ఈ పక్కకీ ఆ పక్కకీ తిప్పుతూ ఉండాలి. లేకపోతే వీపు మీద, తుంటి దగ్గర, మడమల దగ్గర పుళ్ళు పడతాయి. పడక పుళ్ళు ఒకసారి పడితే మానడానికి నెలలు పడతాయి. చీము పట్టి ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆ పెద్దాయన మూడు వారాల తర్వాత వీపున చిన్న గీత కూడా లేకుండా ఇంటికి చేరితే, ఎవరికీ ఏదో జరిగినట్టు అనిపించదు. అన్నంలో రాయి తగిలితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. తగలకపోతే, చాట ముందు కూర్చుని రాళ్ళు ఏరిన చెయ్యి ఎవరికీ గుర్తురాదు. నర్సు పనిలో ఎక్కువ భాగం ఇలాంటిదే. పడని పుండు. జరగని పొరపాటు. బాత్‌రూముకు వెళ్తూ జారిపడని ముసలమ్మ. వీటికి ఫొటో తీయలేం. సన్మానసభలో చూపించలేం. అందుకే నర్సును మెచ్చుకోవాలంటే మనకు మాటలు దొరకవు. దొరక్క, ‘ఓపిక ఎక్కువ, నవ్వు మొహం’ అని ఊరుకుంటాం.

ఇప్పుడు నాయకత్వం సంగతి. ఒక రోగిని పక్కకు తిప్పడం ఒక నర్సు పని. రాత్రి డ్యూటీలోనూ, ఆడికృత్తిక రోజూ, దీపావళి రోజూ, తాను సెలవులో ఉన్నప్పుడూ ప్రతి రోగినీ వేళకు తిప్పేలా వార్డును నడపడం హెడ్ నర్సు పని. దాన్నే నేను నాయకత్వం అంటున్నాను. దానికి గొంతు పెంచి అరవక్కర్లేదు. ఎవరిని ఎప్పుడు తిప్పారో రాసే కాగితం మంచానికి వేలాడుతూ ఉండాలి. డ్యూటీ మారేటప్పుడు దిగిపోయే నర్సు, ఎక్కే నర్సు ఇద్దరూ రోగి మంచం దగ్గరే నిలబడి అప్పగింత చేసుకోవాలి. బల్ల దగ్గర కూర్చుని రిజిస్టరు చేతులు మారితే చాలదు. కొత్తగా చేరిన అమ్మాయి ‘సిస్టర్, నేను పొరపాటున వేరే మందు ఇవ్వబోయాను’ అని భయపడకుండా చెప్పుకోగలగాలి. పెద్ద డాక్టరుతో కూడా ‘సార్, ఈ మోతాదు ఇంకోసారి చూడండి’ అనగలగాలి. ఇవన్నీ ఉన్న వార్డును గుర్తుపట్టడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. హెడ్ నర్సు లేని రోజు ఆ వార్డు ఎలా నడుస్తుందో చూడండి. ఆమె ఉన్నా లేకపోయినా ఒకేలా నడిస్తే, ఆమె గట్టి నాయకురాలు.

మెచ్చుకోలు తప్పుదారి పట్టడం కొత్తేమీ కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు వినని నర్సు ఉండదు. 1820 మే 12న పుట్టింది. ఆ రోజునే ప్రపంచమంతా నర్సుల దినం జరుపుకుంటుంది. ఆమె అనగానే చేతిలో దీపం గుర్తొస్తుంది. 1854లో క్రిమియా యుద్ధంలో గాయపడ్డ సైనికుల దగ్గరికి వెళ్ళింది. రాత్రిళ్ళు దీపం పట్టుకుని మంచాల మధ్య తిరిగింది. నిజమే. కానీ ఆమె చేసిన పెద్ద పని దీపం పట్టుకోవడం కాదు. వంటశాల బాగుచేయించింది. బట్టలు ఉతికించే ఏర్పాటు చేసింది. ఎవరు దేనివల్ల చనిపోయారో లెక్క కట్టింది. గాయాలకన్నా, ఆసుపత్రి మురికివల్ల వచ్చే జబ్బులే ఎక్కువమందిని చంపుతున్నాయని తర్వాత అంకెలతో, బొమ్మలతో ప్రభుత్వానికి చూపించింది. 1860లో లండన్‌లో నర్సుల బడి పెట్టించింది. మన దేశానికి ఎప్పుడూ రాకపోయినా, మన ఊళ్ళ నీళ్ళ గురించి, పారిశుధ్యం గురించి ఏళ్ళ తరబడి రాసింది. జనం మాత్రం దీపాన్నే గుర్తుపెట్టుకున్నారు. దీపం దయకు గుర్తు. లెక్కల పుస్తకం నాయకత్వానికి గుర్తు. మనం మెచ్చుకునేటప్పుడు రెండూ కనపడాలి.

మన దేశంలో నర్సులకు పురస్కారాలు లేవా అంటే ఉన్నాయి. ఆమె పేరుతోనే జాతీయ ఫ్లారెన్స్ నైటింగేల్ పురస్కారం ఉంది. కేంద్ర ఆరోగ్యశాఖ దాన్ని 1973లో మొదలుపెట్టింది. రాష్ట్రపతి చేతుల మీదుగా ఇస్తారు. ఆసుపత్రి నర్సులకే కాదు, ఊళ్ళలో తిరిగే ఏ.ఎన్.ఎం.లకు కూడా ఇస్తారు. అది చాలా మంచి సంగతి. అయితే పేర్లు పైఅధికారుల ద్వారా, రాష్ట్ర ప్రభుత్వాల ద్వారా వెళ్తాయి. అధికారికి రికార్డు కనిపిస్తుంది. రాత్రి రెండింటికి మంచం పక్కన ఏం జరిగిందో కనిపించదు. అది చూసినవాళ్ళు రోగి, రోగి తోడున్న మనిషి. వాళ్ళ మాట పైకి వెళ్ళే దారి బలంగా లేదు. అమెరికాలో ఒక కుటుంబం ఆ దారి వేసింది. 1999లో పాట్రిక్ బార్న్స్ అనే 33 ఏళ్ళ యువకుడు రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన జబ్బుతో చనిపోయాడు. కొడుకు పోయిన దుఃఖంలోనూ ఆ ఇంటివాళ్ళకు నర్సులు చూపిన శ్రద్ధ గుర్తుండిపోయింది. దానికి కృతజ్ఞతగా డెయిజీ అనే పురస్కారం పెట్టారు. అందులో రోగులు, వాళ్ళ ఇంటివాళ్ళు, తోటి సిబ్బంది నర్సు పేరు సూచిస్తారు. సూచించేటప్పుడు ఆమె ఏం చేసిందో కథలాగా రాస్తారు. ఇప్పుడది ఎన్నో దేశాల ఆసుపత్రుల్లో నడుస్తోంది. ఎవరు సాక్షులో వాళ్ళే చెప్తున్నారు. నేను చెప్తున్నదీ అదే. పని చూసిన మనిషి ఆ పని గురించి చెప్పాలి.

ఇలా గౌరవించడం మన ప్రాంతానికి పరాయి పద్ధతేమీ కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు పుట్టింది తిరుత్తణిలో, 1888 సెప్టెంబరు 5న. 1962 నుంచి ఆయన పుట్టినరోజును దేశమంతా ఉపాధ్యాయ దినంగా జరుపుకుంటోంది. తమిళనాడు ప్రభుత్వం మంచి ఉపాధ్యాయులకు ఆయన పేరుతోనే పురస్కారం ఇస్తుంది. బడిపంతులును ఊరు గుర్తుపెట్టుకుంటుంది. ‘మావాడికి లెక్కలు రావు, ఆయన సాయంత్రం కూర్చోబెట్టి నేర్పాడు’ అని తల్లి చెప్తుంది. చూడండి, అక్కడ పని ఏమిటో తల్లి విడమరిచే చెప్తోంది. ఆ మాటల్లో ఆయన ఏం చేశాడో ఉంది, పిల్లవాడికి ఏం జరిగిందో ఉంది. నర్సమ్మకూ అలాంటి మాట దక్కాలి.

అలా విడమరిచి చెప్పాల్సిన పనుల్లో ఒకదాన్ని, రోగిని మధ్యన పెట్టుకుని వైద్యం చెయ్యడం అంటారు. వినడానికి పెద్ద మాటలా ఉంటుంది. కాన్పు గదిలోకి వెళ్తే తేలిగ్గా అర్థమవుతుంది. పురిటి నొప్పులు పడుతున్న అమ్మాయి పక్కన తల్లో, అత్తో, అక్కో ఉండవచ్చా? చాలాకాలం ఆసుపత్రుల్లో కుదరదనేవాళ్ళు. తలుపు బయటే నిలబడమనేవాళ్ళు. తమిళనాడు 2004లోనే సర్కారు ఆసుపత్రుల్లో కాన్పు తోడును అనుమతించే ఏర్పాటు తెచ్చింది. ఇది దయతో తీసుకున్న నిర్ణయం మాత్రమే కాదు. దీనికి రుజువుంది. ఎన్నో దేశాల్లో 15,000 మందికి పైగా స్త్రీల మీద జరిగిన 26 పరిశీలనలను పరిశోధకులు 2017లో కలిపి చూశారు. పక్కన విడవకుండా తోడున్న తల్లుల్లో మామూలు కాన్పులు ఎక్కువయ్యాయి. సిజేరియన్లు తగ్గాయి. నొప్పులు పడే సమయం కూడా కొంత తగ్గింది. ఖరీదైన మిషను లేదు. కొత్త మందు లేదు. చెయ్యి పట్టుకునే మనిషి ఉంది, అంతే.

అయితే సర్కారు ఉత్తర్వు, అంటే జీ.ఓ., వచ్చినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. తలుపు దగ్గర నిలబడేది లేబర్ వార్డు సిస్టరు. తోడు వచ్చిన అత్తమ్మ ఎక్కడ కూర్చోవాలి, చేతులు ఎలా కడుక్కోవాలి, దేన్ని ముట్టుకోకూడదు, అన్నీ ఆమె చెప్పాలి. పక్క మంచం తల్లికి మరుగు ఉండేలా తెర కట్టించాలి. ‘జనం గుంపు చేరతారు, మాకు పని సాగదు’ అనే తోటివాళ్ళను ఒప్పించాలి. ఇన్ని చేస్తేనే జీ.ఓ. కాగితం తల్లికి అక్కరకొస్తుంది. తమిళనాడులో 2018 నుంచి 2020 వరకు తీసిన లెక్క ప్రకారం, ప్రాణంతో పుట్టిన లక్షమంది బిడ్డలకు చనిపోయే తల్లులు 54 మంది. అదే కాలానికి దేశం మొత్తం మీద 97 మంది. ఈ తేడాకు కారణాలు ఎన్నో ఉన్నాయి. డాక్టర్లు, మందులు, అంబులెన్సులు, రోడ్లు, ఆడపిల్లల చదువు అన్నీ ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 24 గంటలూ కాన్పు చెయ్యడానికి నర్సులుండటం కూడా అందులో ముఖ్యమైనది. ఊరూరా తిరిగే విలేజ్ హెల్త్ నర్సు కూడా అందులో ఉంది. ఆమె పేరు మీలో ఎందరికి తెలుసు?

మన ప్రాంతానికి మరో సంగతి ఉంది. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలో భాగం. ఆ ఏడాది ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇవాళ్టికీ తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట వైపు ఇళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. ఆసుపత్రిలో డ్యూటీకి వచ్చే నర్సు ఏ మదురై నుంచో, తిరునెల్వేలి నుంచో రావచ్చు. చదువుకున్న పిల్లలకు తమిళంతో ఇబ్బంది లేదు. కానీ ఎనభై ఏళ్ళ ముసలమ్మకు నొప్పి వచ్చినప్పుడు నోటికొచ్చేది అమ్మ నేర్పిన మాటే. ‘పోటు’ వేరు, ‘మంట’ వేరు, ‘గుంజుతోంది’ వేరు. ఆ తేడా తెలిస్తే జబ్బు తొందరగా దొరుకుతుంది. తెలుగు వచ్చిన ఆయమ్మను పిలిచి అడిగించిన నర్సు, నాలుగు తెలుగు మాటలు నేర్చుకుని తానే అడిగిన నర్సు, రోగిని మధ్యన పెట్టుకున్నట్టే. అది చెప్పాల్సిన పని. విడమరిచి చెప్పాల్సిన పని.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి. వాటిని దాటేసి పోకూడదు. మొదటిది, రోగికి ఏం తెలుసు అనేది. నవ్వు మొహంతో పలకరించిన నర్సును మెచ్చుకుంటారు, మాటకారి కాని మంచి పనిమంతురాలిని వదిలేస్తారు అంటారు. ఇందులో నిజం ఉంది. మోతాదు సరిగ్గా ఉందో లేదో రోగి చెప్పలేడు. సూదికి ముందు చేతులు ఎంత బాగా శుభ్రం చేసుకున్నారో అన్నిసార్లూ గమనించలేడు. అవి రికార్డు చెప్పాలి, పై నర్సు చెప్పాలి. కానీ రోగి మాత్రమే చెప్పగలిగేవి కొన్ని ఉన్నాయి. పిలిస్తే వచ్చారా? ఈ మాత్ర ఎందుకో చెప్పారా? నొప్పి ఎంతుందో అడిగారా? దుప్పటి తీసేముందు తెర లాగారా? ఇంటికెళ్ళాక ఏం తినాలో, ఎప్పుడు మళ్ళీ రావాలో అర్థమయ్యేలా చెప్పారా? ఇవి చిన్నవి కావు. 2013లో కొందరు పరిశోధకులు 55 అధ్యయనాలను కలిపి చూశారు. రోగులకు మంచి అనుభవం ఉన్నచోట భద్రత, వైద్యం ఫలితం కూడా సాధారణంగా మెరుగ్గా ఉన్నాయని తేలింది. ఈ అభ్యంతరానికి మందు కూడా నేను చెప్తున్న పద్ధతిలోనే ఉంది. ‘మంచి మనిషి’ అని చెప్తే నవ్వు గెలుస్తుంది. ‘ఫలానా పని చేసింది, దానివల్ల ఇది జరిగింది’ అని చెప్పమంటే, తక్కువ మాట్లాడే పనిమంతురాలు కూడా బయటపడుతుంది. మన కులమనో, మన ఊరనో, మన భాషనో మెచ్చుకునే బలహీనతను కూడా అది కొంత అదుపు చేస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. శాలువాలు ఎందుకు, జీతాలు పెంచండి, ఖాళీలు నింపండి అంటారు. నేను ఈ మాటతో ఏకీభవిస్తాను. ఐరోపాలో తొమ్మిది దేశాల్లో, 300 ఆసుపత్రుల్లో, ఆపరేషన్లు అయిన 4,22,000 మందికి పైగా రోగుల వివరాలను పరిశీలించి 2014లో ప్రచురించారు. ఒక నర్సు మీద ఒక్క రోగి భారం అదనంగా పడితే, నెల లోపల రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరిగిందని అందులో తేలింది. ఒక్క రోగి ఎక్కువైతేనే అంత. మన వార్డుల్లో ఒక్కో నర్సు ఎంతమందిని చూస్తోందో మీరే చూస్తున్నారు. తమిళనాడులో కాంట్రాక్టు మీద చేరిన నర్సులు తమను పర్మనెంటు చెయ్యమని ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. వాళ్ళ మెడలో దండ వేసి, ఆ కోరికను పక్కన పెడితే అది గౌరవం కాదు. కాబట్టి పురస్కారం జీతానికి బదులు కాకూడదు. ఈ మాట మళ్ళీ చెప్తున్నాను. పురస్కారం జీతానికి బదులు కాదు, మనుషుల కొరతకు బదులు కాదు.

మరి అవి వచ్చేదాకా మెచ్చుకోలు ఆపాలా? అక్కర్లేదు. పైగా పనిని విడమరిచి చెప్పడం ఆ కోరికకే బలం. ‘రాత్రి నలభై మందికి ఒక్కరే ఉన్నా, మా నాన్న ఊపిరి తేడా కనిపెట్టి డాక్టరును లేపింది’ అని ఒక కొడుకు రాశాడనుకోండి. అందులో మెచ్చుకోలూ ఉంది, లోటు ఎక్కడుందో చెప్పే సాక్ష్యమూ ఉంది. అమెరికాలో నర్సుల కొరత తీవ్రంగా ఉన్న రోజుల్లో ఒక పని చేశారు. కొన్ని ఆసుపత్రులను మాత్రం నర్సులు ఎందుకు వదిలిపోవడం లేదని వెతికారు. 163 ఆసుపత్రులు చూసి, వాటిలో 41 ఆసుపత్రులను ఏరి, 1983లో ఫలితాలు బయటపెట్టారు. అయస్కాంతంలా నర్సులను నిలుపుకుంటున్నాయని వాటికి మాగ్నెట్ అని పేరు పెట్టారు. అక్కడ కనిపించింది వట్టి జీతం కాదు. వార్డులోకి వచ్చి మాట వినే నర్సింగ్ అధికారులు కనిపించారు. నిర్ణయాల్లో నర్సుల మాటకు చోటు కనిపించింది. నర్సింగ్ చదివిన మన పిల్లలు గల్ఫ్‌కీ, ఇంగ్లండ్‌కీ వెళ్ళడానికి జీతమే పెద్ద కారణం, కాదనను. మాట చెల్లకపోవడం కూడా ఒక కారణమే. ప్రపంచంలో ఆరోగ్య, సంక్షేమ ఉద్యోగుల్లో 70 శాతం దాకా స్త్రీలేనని, పై పదవుల్లో మాత్రం వాళ్ళు 25 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

పురస్కారం ఒక్కరికే ఇస్తే మిగతావాళ్ళు నొచ్చుకోరా అని కూడా అడుగుతారు. నొచ్చుకుంటారు. వార్డు నలుగురి చేతి మీద నడుస్తుంది. అందుకే వీలైనచోట వార్డుకే ఇవ్వాలి. పడక పుళ్ళు తగ్గించిన వార్డు అని, కాన్పు తోడును బాగా అమలు చేసిన లేబర్ రూము అని ఇవ్వాలి. అందులో ఆయమ్మలూ ఉండాలి. శుభ్రత విషయంలో కేంద్రం 2015లో మొదలుపెట్టిన కాయకల్ప్ పురస్కారం ఆసుపత్రికే ఇస్తారు. ఆ దారి తెలిసిందే.

ఇక మనం చెయ్యాల్సింది. డిశ్చార్జి అయ్యే రోజున మందుల చీటీతోపాటు మరో కాగితం తీసుకోండి. నర్సు పేరు, వార్డు, తారీఖు రాయండి. ఆమె ఏం చేసిందో రెండు వాక్యాలు రాయండి. దానివల్ల మీకు ఏం జరిగిందో ఒక వాక్యం రాయండి. ‘అమ్మకు షుగరు. కాలి మీద పుండుకు కట్టు ఎలా మార్చాలో సిస్టరు మా చెల్లెలికి చూపించి, ఆ అమ్మాయి చేత్తో చేయించి చూసింది. ఇంటికొచ్చాక పుండు మానింది.’ ఇంత చాలు. తెలుగులో రాయండి, తమిళంలో రాయండి. రాయడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత రాయించండి. చేతిలో డబ్బు పెట్టడం మాత్రం మెచ్చుకోలు కాదు. అది నిజాయితీగా పనిచేసే నర్సుకు అవమానం. తర్వాత వచ్చే పేద రోగికి భారం. ఆ కాగితాన్ని నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమైతే మెడికల్ ఆఫీసరుకు ఇవ్వండి. లోటు ఏదైనా ఉంటే అదే కాగితం కింద ఒక వాక్యం రాయండి. తెర లేదనో, రాత్రి పిలిస్తే ఆలస్యమైందనో రాయండి.

ఆసుపత్రి నడిపేవాళ్ళకు కూడా ఒక మాట. తిరువళ్ళూరు జిల్లా ఆసుపత్రి ఇవాళ వైద్య కళాశాల ఆసుపత్రి అయింది. ఆ కళాశాలను 2022 జనవరిలో ప్రారంభించారు. అక్కడ చదువుకునే పిల్లలు నర్సు పనిని ఎలా చూస్తారో, రేపు పెద్ద డాక్టర్లయ్యాక అలాగే చూస్తారు. నెలకొకసారి జరిగే సమావేశంలో ఈ కాగితాలు పైకి చదవండి. డాక్టర్లు, విద్యార్థులు వినేలా చదవండి. చదివిన కాగితాన్ని ఆ నర్సు సర్వీసు ఫైలులో పెట్టండి. పురస్కారానికి పేరు పంపాల్సి వచ్చినప్పుడు, ఎన్నేళ్ళ సర్వీసు ఉందో ఒక్కటే చూడకుండా, ఆ ఫైలు తెరిచి చదవండి. కింద రాసిన లోటును కూడా చదవండి. తెర లేదని ముగ్గురు రాస్తే, ముందు తెర కట్టించండి.